వాల్వు గిటారు యాంప్లిఫయరును చేత్తో తిరిగి కట్టడం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

1950లలో అమెరికాలో తయారైన ఫెండర్ డీలక్స్ అనే చిన్న వాల్వు (గాజు వాక్యూం ట్యూబు) గిటారు యాంప్లిఫయరును మన ఊళ్లలోనే చేత్తో తిరిగి కట్టుకోవచ్చునని కిందటి నెల ఈ శీర్షికలో ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇంతవరకు మరే సమాధానానికీ రాలేదు. అందువల్ల ఈ నెల పుటలన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా చర్చిలో పాటల బృందానికీ, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకూ గిటారు వాయిస్తున్నాను. పాత డీలక్స్ పలుకు రికార్డింగుల్లో విని ఇష్టపడ్డాను గానీ అసలుది కొనే స్థోమత నాకు లేదు. సోల్డరింగ్ పని కొద్దిగా తెలుసు. దీనిని నేను స్వయంగా కట్టగలనా? కట్టినా అసలుదానిలాగా పలుకుతుందా? – ఒక గిటారు వాద్యకారుడు, ఆదోని

సమాధానం: కట్టగలరు. కర్నూలులో మా ఇంటి వెనుక గదిలో నేను ఇప్పటికి మూడు కట్టాను. మొదటిదానిలో చేసిన తప్పులే నాకు ఎక్కువ నేర్పాయి కనుక వాటిని దాచకుండా చెబుతాను.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ సంస్థ 1955 నుంచి 1960 వరకు తయారుచేసిన డీలక్స్ సర్క్యూటుకు 5ఈ3 అని గుర్తు. అందులో ఉన్నవి అయిదే వాల్వులు. గిటారు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని 12ఏవై7 మొదట అందుకుంటుంది. 12ఏఎక్స్7 దానిని ఇంకా పెంచి, ఒకదానికొకటి ఎదురుగా నడిచే రెండు సంకేతాలుగా విడదీస్తుంది. ఆ రెండింటినీ రెండు 6వీ6 వాల్వులు తీసుకొని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 12 అంగుళాల స్పీకరును నడుపుతాయి. వీటన్నిటికీ కావలసిన డీసీ కరెంటును 5వై3 అనే రెక్టిఫయర్ వాల్వు ఇస్తుంది. మొత్తం శక్తి 12 నుంచి 15 వాట్లు. మన మైకు సెట్ల లెక్కలో ఇది చాలా చిన్నది.

ఆ పలుకు ఎక్కడి నుంచి వస్తుందన్నది మీ రెండవ ప్రశ్నకు అసలైన జవాబు. మైకు సెట్లలోనూ, పెద్ద యాంప్లిఫయర్లలోనూ స్పీకరు దగ్గరి నుంచి కొంత సంకేతాన్ని వెనక్కి తెచ్చి, యాంప్లిఫయర్ చేసిన తప్పును దానితోనే దిద్దించే ఏర్పాటు ఉంటుంది. 5ఈ3లో అది లేదు. అందువల్ల వాల్యూము పెంచుతూ పోతే ధ్వని ఒక్కసారిగా పగలదు. మెల్లగా గరుకెక్కుతూ, మీ వేలి ఒత్తిడిని బట్టి శుభ్రంగానో కరకుగానో పలుకుతుంది. రెండవది, 5వై3 వాల్వులో కరెంటుకు అడ్డు ఎక్కువ. దాని తరువాత ఉన్న మొదటి కెపాసిటరు, మన మెకానిక్కుల మాటలో కండెన్సరు, 16 మైక్రోఫారడ్లే. తీగను గట్టిగా మీటినప్పుడు 6వీ6 జత ఎక్కువ కరెంటు లాగుతుంది, సరఫరా వోల్టేజి కుంగుతుంది, స్వరం మొదట కొద్దిగా అణిగి మళ్లీ ఉబ్బి నిలుస్తుంది. ఇంజనీరు దృష్టిలో ఇవి లోపాలు. వాయించేవారి చేతికి ఇవే ప్రాణం.

నేను మొదటిదాన్ని కట్టేటప్పుడు ఈ సంగతి నాకు తెలియదు. పాతకాలపు లోపాలను సరిదిద్దుతున్నాననుకొని 5వై3 స్థానంలో సిలికాన్ డయోడ్లు పెట్టి, 16 మైక్రోఫారడ్ల చోట 100 వేశాను. వోల్టేజి ఉండవలసినదానికంటే యాభై వోల్టులకు పైగా పెరిగింది; 6వీ6లు సెగలు కక్కాయి; గిటారు తగిలిస్తే ధ్వని బిరుసుగా, గుడి మైకులో పాడినట్లుగా వచ్చింది. సర్క్యూటు చిత్రంలో ఉన్న విలువలను ఉన్నట్లుగా తిరిగి వేసిన రోజున గానీ అది పలకలేదు. అందుచేత విలువలను, అమరికను, ట్రాన్స్‌ఫార్మరు లెక్కలను తు.చ. తప్పకుండా అనుసరించండి, పేరున్న పాత విడిభాగాల కోసం మాత్రం డబ్బు తగలేయకండి. ఆనాటి కార్బన్ రెసిస్టర్లు కాలం గడిచేకొద్దీ విలువ పెరిగి, గరగర చప్పుడు చేస్తాయి. డెబ్బై ఏళ్ల ముసలితనాన్ని కొనుక్కోవడం కంటే, ఆ యాంప్లిఫయర్ కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలా కట్టడమే నా దృష్టిలో నిజమైన పునర్నిర్మాణం. మీ దగ్గరున్న డబ్బును అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మీద, స్పీకరు మీద పెట్టండి. మిగిలినవి మామూలు సరుకైనా చాలు.

వాల్వులు రష్యా, స్లొవేకియా, చైనా దేశాల్లో ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. 12ఏవై7 వెంటనే దొరకకపోతే అదే బేసులో 12ఏఎక్స్7 కూర్చుంటుంది గానీ, మొదటిదాని పెంపు 44 కాగా రెండవదానిది 100; కనుక గరుకు తొందరగా వస్తుంది. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్యాగ్ బోర్డుల కోసం మీకు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, అనంతపురం వైపు వారికి బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు అనువు. ఫిల్టరు కెపాసిటర్లు 450 వోల్టులవి కాక 500 వోల్టులవే తీసుకోండి. 5వై3 త్వరగా వేడెక్కుతుంది, 6వీ6లు నిదానంగా వేడెక్కుతాయి. ఆ కొద్ది క్షణాలు కరెంటు లాగేవారు లేక వోల్టేజి 460 దాకా ఎక్కుతుంది. అలాగే 105 డిగ్రీల వేడికి తట్టుకొనేవి అని అడిగి తీసుకోండి. కెపాసిటరు వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది పాత లెక్క. మన మే నెల ఎండకు వాల్వుల సెగ తోడయ్యే పెట్టెలో ఆ లెక్కను మరువకూడదు.

ఇక అనుసరించకూడనివి. ఆ కాలపు అమెరికన్ యాంప్లిఫయర్లకు రెండు పిన్నుల ప్లగ్గు ఉండేది. మెయిన్స్ తీగ నుంచి చాసిస్‌కు, అంటే లోపలి లోహపు చట్రానికి, ఒక చిన్న కెపాసిటరు కలిపి ఉండేది. ఆ కెపాసిటరు చెడితే చాసిస్సే కాక గిటారు తీగలు కూడా మెయిన్స్‌కు అంటుకుంటాయి. అప్పుడు పెదవి మైకుకు తగిలితే మనిషి దక్కడు. చిత్రంలో అది కనబడినా వేయవద్దు. మూడు పిన్నుల ప్లగ్గు, ఫ్యూజు తప్పక ఉండాలి. కెపాసిటర్లలో 350 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది కనుక, స్విచ్చి తీసిన తరువాత అది దానంతట అదే ఖాళీ అయ్యేలా 220 కిలో ఓముల 2 వాట్ల రెసిస్టరును శాశ్వతంగా వేసి, అయినా మీటరుతో చూసిన తరువాతే చెయ్యి పెట్టండి. మన ఇళ్లలో నేల కడప బండలు. వాటిని తుడిచిన తడి ఆరకముందు ఉత్త కాళ్లతో నిలబడి ఈ పని చేయకండి. రబ్బరు చెప్పులు వేసుకోండి, ఒక చేతిని వెనక్కి పెట్టుకోండి, ఇంట్లో మరొకరు ఉన్నప్పుడే స్విచ్చి వేయండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు రేడియో మెకానిక్కులు వాడే సీరీస్ బల్బు బోర్డు (కరెంటు దారిలో వరుసగా ఒక బల్బు కలిపిన బోర్డు) ద్వారా ఇవ్వండి. వాల్వులు పెట్టకముందే 60 వాట్ల బల్బు వెలుగుతూ నిలిచిపోతే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్లు. ఇంకొక మాట: స్పీకరు తగిలించకుండా ఎన్నడూ వాయించవద్దు. భారం లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతంగా లేచి లోపలి ఇన్సులేషన్ చీలిపోతుంది.

ప్రశ్న: అయ్యా, నాది బోరు మోటార్లు, స్టార్టర్లు రివైండింగ్ చేసే షాపు. ఒక కుర్రవాడు వచ్చి గిటారు యాంప్లిఫయరుకు రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టివ్వమని అడుగుతున్నాడు. మోటార్లు చుట్టే చేతికి ఈ పని వీలవుతుందా? ఏమేమి గమనించాలి? – ఒక రివైండింగ్ మెకానిక్కు, పులివెందుల

సమాధానం: వచ్చిన ఉత్తరాలన్నిటిలోకి నాకు ఎక్కువ సంతోషం కలిగించినది మీది. కాలిన మోటారు లేని పల్లె మన సీమలో లేదు. అందువల్ల రాగి తీగ చుట్టే నేర్పు ప్రతి మండల కేంద్రంలోనూ ఉంది. ఈ యాంప్లిఫయరులో దిగుమతి చేస్తే ఎక్కువ ఖరీదయ్యేదీ, బరువైనదీ ట్రాన్స్‌ఫార్మరే. మీవంటి వారు పూనుకుంటే సగం పని ఇక్కడే అవుతుంది.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు మీకు కష్టం కాదు. ప్రైమరీ, అంటే కరెంటు లోపలికి వచ్చే వైండింగు, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సెకండరీలు, అంటే కరెంటు బయటికి ఇచ్చే వైండింగులు, మూడు: మధ్యలో ట్యాపు (నడుమ నుంచి బయటికి తీసిన తీగ) ఉన్న 325-0-325 వోల్టులు, 120 మిల్లీఆంపియర్లకు; వాల్వుల ఫిలమెంట్లకు 6.3 వోల్టులు, 3 ఆంపియర్లకు; 5వై3కి విడిగా 5 వోల్టులు, 2 ఆంపియర్లకు. ఆ చివరి వైండింగు మీద 350 వోల్టుల డీసీ నిలబడి ఉంటుంది కనుక దానిని చిన్న వోల్టేజి అని తేలికగా తీసుకోకుండా లెదరాయిడ్ కాగితం దట్టంగా వేయాలి. కోర్ మధ్య కాలు వైశాల్యం 12 చదరపు సెంటీమీటర్లున్న స్టాంపింగులు (కోర్‌గా పేర్చే ఇనుప రేకులు) తీసుకుంటే వోల్టుకు 4 చుట్లు సరిపోతాయి. అంటే ప్రైమరీకి 920 చుట్లు, 325 వోల్టులకు ఒక్కో వైపు 1,300. భారం మీద పడిపోయే వోల్టేజికి సెకండరీలన్నిటికీ నూటికి 5 చుట్లు కలపండి. ఇంకా తక్కువ చుట్లతోనూ నడుస్తుంది గానీ, అప్పుడు కోర్ నిండిపోయి అయస్కాంత క్షేత్రం బయటికి చిమ్ముతుంది. ఆ చిమ్మినది పక్కనున్న వాల్వులలో గుయ్‌మని వినిపిస్తుంది. మోటారులో ఎవరికీ పట్టని ఈ చప్పుడు ఇక్కడ పాటలో కలిసి వస్తుంది.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు వేరే రకం పని. 6వీ6 జత వైపు 8,000 ఓములు, స్పీకరు వైపు 8 ఓములు ఉండాలి. ఓముల నిష్పత్తి వెయ్యి; చుట్ల నిష్పత్తి దాని వర్గమూలం, అంటే 31.6. ప్రైమరీ అంతా ఒక్కసారిగా చుట్టి దాని మీద సెకండరీ చుడితే స్పీకరు బాగానే మోగుతుంది గానీ పై స్వరాలు మూగవోతాయి. ప్రైమరీలో కొంత, దాని మీద సెకండరీ, మళ్లీ ప్రైమరీ అన్నట్లు పొరలు పొరలుగా చుట్టాలి. మధ్య ట్యాపుకు రెండు వైపులా చుట్ల సంఖ్య సమానంగా ఉండాలి. మోటారులో ఒక చుట్టు అటూ ఇటూ అయితే నడిచిపోతుంది. ఇక్కడ ఒక వైపు ఎక్కువైతే డీసీ తుల్యం తప్పి కోర్ ఒక పక్కకు లాగబడుతుంది. లెక్క తప్పకుండా ఉండేందుకు కౌంటరు పెట్టుకోండి. స్టాంపింగులను ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి దూర్చి, సందు లేకుండా బిగించండి. ఒకే 6వీ6 ఉన్న 5 వాట్ల చిన్న యాంప్లిఫయరుకు చుట్టమని అడిగితే మాత్రం పద్ధతి మారుతుంది: అందులో డీసీ ఎప్పుడూ ఒక వైపే పారుతుంది కనుక స్టాంపింగుల్లో ఇంగ్లీషు అక్షరాల ఆకారంలో ఉండే ‘ఈ’ ముక్కలన్నీ ఒక పక్క, ‘ఐ’ ముక్కలన్నీ ఇంకొక పక్క పెట్టి, నడుమ పలుచని కాగితం వేసి సందు వదలాలి.

చుట్టిన తరువాత వార్నిష్‌లో పూర్తిగా ముంచి, ఆరబెట్టి, మీ దగ్గరున్న మెగ్గరుతో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరుతో) వైండింగుకూ వైండింగుకూ, వైండింగుకూ కోర్‌కూ మధ్య చూసిన తరువాతే ఇవ్వండి. ఒక్కటి చక్కగా కుదిరితే దాని చుట్ల లెక్కను పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా బావగారు అమెరికా నుంచి వస్తూ అక్కడి యాంప్లిఫయరును తెచ్చారు. 110 వోల్టుల కన్వర్టరు పెట్టి వాడుతున్నాము. అరగంటకే దాని మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు చెయ్యి పెట్టలేనంతగా కాలి, వార్నిష్ వాసన వస్తున్నది. వోల్టేజి సరిగానే ఉన్నది కదా, కారణమేమిటి? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: వెంటనే వాడకం ఆపండి. కన్వర్టరు వోల్టేజిని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అదే వోల్టేజికి హెర్ట్జ్ తగ్గితే కోర్‌లో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. ఇనుము పొదుపు చేసి 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మరు ఆ పెరుగుదలకు నిండిపోయి వేడెక్కుతుంది. 120 బదులు 100 వోల్టులు ఇస్తే ఆ చిక్కు తీరుతుంది గానీ, అప్పుడు ఫిలమెంటు వోల్టేజి 6.3 నుంచి 5.2కు పడిపోయి వాల్వులు నీరసిస్తాయి. పేరు పలక మీద 50/60 అని రాసి ఉందేమో చూడండి. లేకపోతే 230 వోల్టుల 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మరును కొత్తగా చుట్టించి వేయించండి. తీసినదానిని పారేయకుండా గుడ్డలో చుట్టి దాచి ఉంచండి. పాత వస్తువుకు దాని సొంత భాగాలే విలువ.

ప్రశ్న: మా ఊరిలో కరెంటు సాయంత్రం 190 వోల్టులు, అర్ధరాత్రి 250 వోల్టులు చూపిస్తుంది. ఇటువంటి చోట వాల్వు యాంప్లిఫయర్ బతుకుతుందా? – ఒక రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

సమాధానం: మంచి స్టెబిలైజరు ఉంటే బతుకుతుంది. ఫిలమెంటు 6.3 వోల్టులకు పది శాతం అటూ ఇటూ, అంటే 5.7 నుంచి 6.9 వరకు ఓర్చుకుంటుంది. మీ 190 వోల్టుల వేళ అది 5.2కు దిగుతుంది, ధ్వని చప్పబడుతుంది. 250 వోల్టుల వేళ ప్రమాదం ఇంకొక రకం. 6వీ6 జత కేథోడ్లు (వేడెక్కి ఎలక్ట్రాన్లను వదిలే భాగాలు) రెండూ కలిసి ఒకే 250 ఓముల రెసిస్టరు మీద ఉంటాయి. ఆ రెసిస్టరు మీద మీటరు పెట్టి చూడండి. 20 వోల్టులు ఉంటే కరెంటు 80 మిల్లీఆంపియర్లు, ఒక్కో వాల్వుకు 40. ప్లేటుకూ (ఆ ఎలక్ట్రాన్లను అందుకునే రేకుకూ) కేథోడుకూ మధ్య 330 వోల్టులు ఉంటే ఒక్కో వాల్వు మోస్తున్నది 13 వాట్ల పైచిలుకు. ఈ వాల్వుకు పాత పుస్తకాలు 12 వాట్లు, తరువాతి పట్టికలు 14 వాట్లు హద్దుగా చెబుతాయి. అంటే సరైన వోల్టేజిలోనే ఇది అంచున నడిచే సర్క్యూటు. 250 వోల్టులు వచ్చిననాడు 15 వాట్లు దాటి, చీకట్లో చూస్తే ప్లేటు ఎర్రగా కనబడుతుంది. అలా కనబడితే ఆ క్షణమే కట్టేయండి. ఇంకా కట్టకముందే అడిగారు కనుక ఒక సూచన: ట్రాన్స్‌ఫార్మరు చుట్టించేటప్పుడు ప్రైమరీకి 230తో పాటు 250 వోల్టుల ట్యాపు కూడా పెట్టించండి. కొన్ని చుట్లతో అయ్యే పని.

ప్రశ్న: మా జేజినాయన ఆకాశవాణి కడప కేంద్రం వినే వాల్వు రేడియో అటక మీద ఉంది. అందులో ఈ.ఎల్.84 అని రాసిన వాల్వు ఒకటి కనబడింది. దానిని గిటారు యాంప్లిఫయరుకు వాడుకోవచ్చునా? మరొక సందేహం: ఒకరు తయారుచేసినదానిని మనం అచ్చుగా కట్టుకోవడం తప్పు కాదా? – ఒక డిగ్రీ విద్యార్థిని, కడప

సమాధానం: అమ్మా, ముందు ఆ రేడియో మోగుతుందేమో ఒక పాత మెకానిక్కుకు చూపించు. మోగే రేడియోను విప్పి యాంప్లిఫయరు చేయడం నాకు ఇష్టం లేదు. మీ జేజినాయన చేతి గుర్తు ఉన్న వస్తువు అది. చెదలు తిని, డయలు పగిలి, బాగుపడే దారి లేనప్పుడే దానిలోని వాల్వును తీయి. ఆ వాల్వు మన దేశంలోనే తయారైనది కావచ్చు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961 నుంచి రేడియో వాల్వులను తయారుచేసింది, వాటిలో ఈ.ఎల్.84 కూడా ఉంది.

అయితే అది డీలక్స్‌కు పనికిరాదు. 6వీ6కు ఎనిమిది కాళ్లు, లావు బేసు, ఈ.ఎల్.84కు తొమ్మిది సన్నని కాళ్లు, దాని నడక వేరు. ఇంగ్లండులోని డార్ట్‌ఫోర్డులో డిక్ డెన్నీ రూపొందించి 1958లో వెలువరించిన వాక్స్ ఏసీ15లో ఈ జాతి వాల్వులే జతగా ఉన్నాయి. నీ దగ్గర ఒకటే ఉంది కనుక ఒకే వాల్వుతో 5 వాట్ల చిన్న యాంప్లిఫయరు కట్టుకో; ఇంట్లో సాధనకు అది చాలు, మొదటిసారి కట్టేవారికి మేలు కూడా. ఒక జాగ్రత్త: ‘యూ’ అక్షరంతో మొదలయ్యే వాల్వులున్న రేడియోలలో మెయిన్స్‌ను వేరు చేసే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, చాసిస్సే నేరుగా కరెంటుకు తగిలి ఉండవచ్చు. అటువంటి రేడియోకు గిటారును ఎన్నడూ కలపకు.

తప్పా అని అడిగావు. ఆలోచించి అడిగిన ప్రశ్న అది. లండనులో వాద్యాల దుకాణం నడిపిన జిమ్ మార్షల్, ఆయన మనుషులు కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ కలిసి 1962 ప్రాంతంలో కట్టిన మొదటి మార్షల్ యాంప్లిఫయరుకు ఆధారం ఫెండర్ బాస్‌మన్ సర్క్యూటు. అక్కడ దొరికే ట్రాన్స్‌ఫార్మర్లు, అక్కడి స్పీకర్లు వేసేసరికి అది వేరే గొంతుతో పలికి, సొంత పేరు తెచ్చుకుంది. చూసి కట్టడం ఈ విద్యలో మొదటి పాఠం. అయితే కట్టిన పెట్టె మీద వారి పేరు పలక తగిలించడం, అసలుదని చెప్పి అమ్మడం మోసం. ఆ గీత దాటవద్దు. లోపల చాసిస్ మీద నీ పేరు, కట్టిన తేదీ రాసి పెట్టు.

ప్రశ్న: నేను వడ్రంగిని. ఈ యాంప్లిఫయరు పెట్టెను ఏ చెక్కతో చేయాలి? బయట అంటించే గుడ్డ మా ఊరి మగ్గాల మీద దొరుకుతుందా? – ఎమ్మిగనూరు

సమాధానం: అసలు పెట్టె ముప్పావు అంగుళం మందమున్న పైన్ చెక్కతో, మూలల్లో వేళ్లు వేళ్లుగా కలిపే కీలుతో చేసినది, వెడల్పు సుమారు 20 అంగుళాలు. మన టింబరు డిపోల్లో విదేశాల నుంచి యంత్రాలు వచ్చిన ప్యాకింగు పెట్టెలను విప్పిన పైన్ పలకలు దొరుకుతాయి. ముడులు లేనివి ఏరి, కొన్ని వారాలు నీడన ఆరనిచ్చి వాడండి. టేకు గట్టిది, ఖరీదైనది. దాని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. పైగా తేలికైన పైన్ పెట్టె స్పీకరుతో పాటు తానూ కొంత కంపిస్తుంది. ముందు పలక పలుచని ప్లైవుడ్. వెనుక భాగాన్ని పూర్తిగా మూయకండి, వాల్వుల సెగ పోవాలి.

గుడ్డ సంగతి అడిగినందుకు నాకు ఎంతో సంతోషం. అమెరికా వారు దానిని ట్వీడ్ అంటారు గానీ అది ఉన్ని కాదు. ప్రయాణపు పెట్టెలకు అంటించే మందపాటి నూలు గుడ్డ, నేత వాలుగా గీతలు తేలేది. మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఊరు మీది. తెలుపు, గోధుమ నూళ్లు కలిపి వాలు నేతలో దుప్పటి మందాన నేసిచ్చే చేయి అక్కడ లేకపోదు. గీతలు పెట్టె రెండు పక్కలా ఒకే వైపు వాలేలా కత్తిరించి, జిగురుతో ముడతలు లేకుండా అంటించి, ఆరిన తరువాత లక్క పాలిష్ రెండు మూడు పూతలు వేయండి. తేనె రంగు దానితో వస్తుంది, మాసిపోదు.

ప్రశ్న: మీరు చెప్పిన సర్క్యూటును నేను ఇంతకు ముందే కట్టాను. పలుకు బాగుంది గానీ, వాయించకపోయినా గుయ్‌మని ఒకటే చప్పుడు. గిటారు తీగలను పట్టుకుంటే తగ్గుతుంది. వాల్వులు మార్చినా లాభం లేదు. – ఒక ఉపాధ్యాయుడు, కళ్యాణదుర్గం

సమాధానం: వాల్వుల జోలికి ఇక పోకండి. తీగలు పట్టుకుంటే తగ్గుతున్నదంటే మీ శరీరమే ఎర్తు పని చేస్తుండవచ్చు. చాసిస్ లోపల చూడండి: మెయిన్స్ ఎర్తు తీగ విడిగా ఒక బోల్టుకు గట్టిగా బిగించి ఉండాలి, ఫిలమెంటు తీగలు రెండూ ఒకదానితో ఒకటి మెలివేసి, సంకేతం నడిచే తీగలకు దూరంగా మూలలకు వెళ్లాలి, మొదటి ఫిల్టరు కెపాసిటరు నెగెటివ్, 325-0-325 వోల్టుల వైండింగు మధ్య ట్యాపు ఒకచోట కలిసి చాసిస్‌కు చేరాలి, ఇన్‌పుట్ వైపు ఎర్తులు ఇన్‌పుట్ జాక్ దగ్గరే చేరాలి. ఇన్ని చూసినా తగ్గకపోతే మూడవ పిన్ను నుంచి ఇంటి ఎర్తు దాకా తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించండి. ప్లగ్గుకు మూడు పిన్నులుండి సాకెట్టు వెనుక మూడవ తీగే లేని ఇళ్లు నేను చాలా చూశాను.

తీగ ఉంటే ఎర్తు గుంత దగ్గరికి వెళ్లండి. మీ వైపు నేల ఎర్రగా, రాతిగా ఉండి వేసవిలో లోతు దాకా ఎండిపోతుంది. ఎండిన మట్టిలో ఎర్తు పైపు ఉన్నా లేనట్లే. గుంతలో ఉప్పు కరిగిపోయి, బొగ్గు తరిగిపోయి ఉంటే తిరిగి నింపించండి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా వారానికి రెండుసార్లు ఆ పైపులో రెండు బిందెల నీళ్లు పోయండి. మొదటిసారి నీళ్లు పోసిన గంట తరువాత గిటారు తగిలించి, తీగలు ముట్టుకోకుండా విని, చప్పుడు ఎంత తగ్గిందో నాకు రాయండి.